డిసెంబరులో చూసిన ఇల్లు

1956 నవంబరు 1న పాత బీదర్ జిల్లాను మూడు రాష్ట్రాలు పంచుకున్నాయి. బీదర్, భాల్కి, ఔరాద్, హుమ్నాబాద్ మైసూరు రాష్ట్రానికి పోయాయి. ఉద్గీర్, నిలంగ, అహ్మద్‌పూర్ అప్పటి బొంబాయి రాష్ట్రంలో కలిశాయి. జహీరాబాద్, నారాయణఖేడ్, న్యాల్కల్ మన మెదక్ వాటాకు వచ్చాయి. హద్దులు గీశారు గానీ చుట్టరికాలు తెగలేదు. నారాయణఖేడ్ ఇళ్ళల్లో ఇప్పటికీ ఒక కోడలు ఔరాద్ వైపు నుంచి, ఒక అల్లుడు ఉద్గీర్ వైపు నుంచి వస్తూనే ఉంటారు. మా మేనత్త గారింట్లోనూ అంతే. ఆమె అత్తగారిది కమలనగర్. ఆ ముసలమ్మ మనవడు, నాకు బామ్మర్ది, సంగారెడ్డిలో పంతులుగా చేసి మొన్నీమధ్య రిటైరయ్యాడు. పింఛను కాగితాలు చేతికి రావడమే తరువాయి, నానమ్మ పుట్టింటి ఊరి మీదికి మనసు మళ్ళింది.

"హైదరాబాదుల సింగిల్ బెడ్రూం రాని పైసలకు అక్కడ ఇల్లు, వాకిలి, యాపచెట్టు అన్ని వస్తయి బావా. పక్కన మంజీర. ఇంకేం గావాలె?"

ఏం కావాలో చూద్దామనే బయల్దేరాం. ఆయన, ఆయన భార్య, నేను. ఆమె నాకు చెల్లె వరుస. ఊరు మారడం ఆమెకు రవ్వంత కూడా ఇష్టం లేదు. "అన్నా, నువ్వు రా. ఆయన ఏది చూసినా మంచిగున్నది అంటడు" అని నన్ను వెంట రమ్మన్నది కూడా ఆమే.

వికారాబాద్ నుంచి పర్లి వైపు వెళ్ళే రైలుమార్గం నిజాం రైల్వే కాలం నాటిది. కిటికీ పక్కన కూర్చుంటే ఇల్లు కొనేవాడికి పనికొచ్చే మొదటి పాఠం అక్కడే దొరుకుతుంది. జహీరాబాద్ దాటి బీదర్ దాకా నేల ఎర్రగా ఉంటుంది. అది జేగురు రాయి. తవ్వినప్పుడు మెత్తగా గొడ్డలికి తెగుతుంది, గాలి తగిలాక గట్టిపడుతుంది. బీదర్ కోట కందకాన్ని బహమనీలు ఆ రాతిలోనే తొలిచారు. నౌబాద్ దగ్గర భూగర్భంలో సొరంగం తవ్వి, దారి పొడవునా బావులు దింపి, ఊట నీటిని ఊరికి నడిపించిన కరేజ్ కూడా ఆ రాతి పుణ్యమే. బీదర్ వెనకబడి, భాల్కి దాటేసరికి రంగు మారిపోతుంది. నల్లరేగడి, దాని కింద నల్లరాయి. కంది చేలు కోతకు వచ్చి ఉన్నాయి, శనగ మోకాలెత్తు లేచింది, తెల్లజొన్న పొట్ట మీదుంది. సోయా ఎప్పుడో ఇంటికి చేరింది.

భాల్కి తర్వాత రైలు మంజీరను దాటుతుంది. బామ్మర్ది లేచి తలుపు దగ్గరికి పోయాడు. వంతెన కింద నీళ్ళు నిండుగా, కదలీ కదలనట్టు ఉన్నాయి. రెండు గట్లా చెరుకు. ఈ నది మహారాష్ట్రలో బీడ్ జిల్లా బాలాఘాట్ గుట్టల్లో పుట్టి, లాతూరు, బీదర్ జిల్లాల మీదుగా మన సంగారెడ్డికొచ్చి, సింగూరులో ఆగి, నిజాంసాగర్‌లో ఇంకోసారి ఆగి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. మొత్తం 724 కిలోమీటర్లు. 1965 నుంచి హైదరాబాదు తాగుతున్న నీళ్ళివే. సంగారెడ్డి మనిషికి మంజీర అంటే నల్లాలో వచ్చేది. ఎగువన దాన్ని నదిగా చూడడం ఆయనకు కొత్త. తిరిగొచ్చి కూర్చుని, "నది కనపడే జాగల ఇల్లు దొరుకుతదంటవా?" అన్నాడు. చెల్లె పల్లీలు వలుస్తూ, "ముందు నల్లా కనపడే జాగల దొరకనియ్యి" అన్నది.

కమలనగర్ రైల్వే స్టేషన్ చిన్నది. దిగినవాళ్ళంతా ఎవరి పనిమీద వాళ్ళు రెండు నిమిషాల్లో చెదిరిపోయారు. ఊరు మాత్రం అనుకున్నంత చిన్నది కాదు. ఔరాద్ తాలూకా నుంచి విడదీసి దీన్ని తాలూకా కేంద్రం చేశారు. బీదర్ జిల్లాలో ఒకప్పుడు ఐదు తాలూకాలు, కమలనగర్, చిట్‌గుప్పా, హులసూరు చేరాక ఎనిమిది. తాలూకా అయిందంటే తహసీల్దారు ఆఫీసొస్తుంది, దాని చుట్టూ జిరాక్సు దుకాణాలొస్తాయి, బాండు పేపర్లమ్మేవాళ్ళొస్తారు, వాళ్ళ వెనకే ప్లాట్ల బ్రోకర్లొస్తారు. బస్టాండు దగ్గర హోటల్లో సుస్లా, మిరపకాయ బజ్జీ తింటూండగానే ఒకాయన పక్కన చేరాడు. మా భాష విని గుర్తుపట్టాడట. కన్నడం, మరాఠీ, ఉర్దూ, హైదరాబాదు తెలుగు, నాలుగింట్లోనూ ఒకే ధర చెప్పగలడు.

ఈ నాలుగు భాషల సంగతి ఇక్కడ రోజువారీ. దుకాణం బోర్డు కన్నడంలో, లోపల లెక్క మరాఠీలో, బేరం దక్కనీ ఉర్దూలో. పిల్లల బడి కూడా ఇల్లు కొనేవాడు ఆలోచించుకోవాల్సిన సంగతే. తెలుగు మీడియం అన్న మాట మరిచిపోవచ్చు. నిజాం రోజుల్లో కన్నడానికే దిక్కులేని ప్రాంతమిది. బయట ఉర్దూ బోర్డు పెట్టి లోపల కన్నడం నేర్పించారని పేరున్న భాల్కి హిరేమఠం చన్నబసవ పట్టదేవరు పుట్టింది కమలనగర్‌లోనే. 1999 దాకా, నూరేళ్ళు దాటి బతికారాయన. జిల్లాలోనే బసవన్న నడయాడిన బసవకల్యాణం ఉంది. పాల్కురికి సోమనాథుడు బసవపురాణం తెలుగులో రాస్తే, భీమకవి దాన్ని కన్నడంలోకి తీసుకుపోయింది 1369లో. ఇప్పుడు ఈ దారిన తెలుగు నుంచి కన్నడానికి పోతున్నవి ఎక్కువగా ప్లాటు అడ్వాన్సులే.

బ్రోకరు ముందుగా ఊరి బయట కొత్త లేఅవుటుకు తీసుకుపోయాడు. నిన్నటిదాకా కందిచేను. హద్దురాళ్ళకు సున్నం, మట్టి రోడ్డు, దూరంగా ఒక ఆర్చి. మధ్యలో కట్టి మూడేళ్ళయిన ఒక డాబా ఇల్లు. యజమాని పుణెకు పోయాడు, అమ్ముతున్నాడు. గులాబీ రంగు కొత్తగా వేశారు, గేటుకు స్టీలు మెరుపు. బ్రోకరు ధర చదరపు అడుగుల్లో చెబుతున్నాడు, బామ్మర్ది తొమ్మిదితో హెచ్చవేసి గజాల్లోకి మార్చుకుంటున్నాడు. 30×40 ప్లాటంటే 1,200 అడుగులు, 133 గజాలు. గుంట కంటే ఒక పన్నెండు గజాలు ఎక్కువ. గజాల్లోకి మారగానే ఆయన మొహం వెలిగిపోయింది. సంగారెడ్డి ధరతో పోలిస్తే ఏదైనా వెలిగిపోతుంది.

మాతో వచ్చిన నాలుగో మనిషి ఒక మేస్త్రి. బామ్మర్ది పాత విద్యార్థికి తెలిసినవాడు, భాల్కి నుంచి బైకు మీద వచ్చాడు. పెద్దగా మాట్లాడడు. ఇల్లంతా తిరిగి పడకగది కిటికీ దగ్గర ఆగాడు. కిటికీ కింది మూల నుంచి నేల వైపు ఏటవాలుగా ఒక గీత. పుట్టీ పెట్టి రంగు వేసినా, వెలుతురు పక్కనుంచి పడితే కనిపిస్తోంది. జేబులోంచి ఒక రూపాయి బిళ్ళ తీసి, గోటితో పుట్టీ గీకి, ఆ సందులో పెట్టి చూశాడు. బిళ్ళ అంచు దూరింది. ఆ తర్వాత వంటింటి తలుపు మూసి చూపించాడు. కింద చెక్కను రంపంతో కోసిన గుర్తు. "వానాకాలంల తలుపు పట్టుకున్నది, చెక్కిన్రు" అన్నాడు.

నల్లరేగడితో వచ్చే తంటా ఇదే. ఆ బంకమట్టి వానకు నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి చెయ్యి దూరేంత పగుళ్ళిస్తుంది. ఏడాదికోసారి ఇంటిని లేపుతుంది, ఏడాదికోసారి దించుతుంది. అన్ని మూలలనూ సమానంగా లేపినా బాధ లేదు. బాత్రూం నీళ్ళు ఇంకే మూల ఒక తీరు, ఎండ తగిలే మూల ఒక తీరు. గోడ మధ్యలో తెగుతుంది. చేను కోసిన మర్నాడు మూడడుగులు తవ్వి పునాది పోస్తే జరిగేది ఇంతే. తెలిసినవాళ్ళు ఆ కదిలే మట్టి కిందిదాకా, గట్టి మొరం తగిలేదాకా దిగుతారు. రూర్కీలోని భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేల కోసమే అడుగున లావుగా ఉబ్బిన పైలు పునాదులను తయారుచేసి ఇచ్చింది. అంత ఖర్చు పెట్టలేనివాళ్ళు రేగడి తీసేసి మొరంతో నింపి, ప్లింత్ బీము వేసి, ఇంటి చుట్టూ వాననీరు నిలవకుండా రెండు మూడడుగుల వెడల్పున గచ్చు చేయిస్తారు. ఈ ఇంటికి గచ్చు లేదు. గోడకు ఆనుకుని కరివేపాకు చెట్టూ, దానికి నీళ్ళు పోసే గుంతా ఉన్నాయి.

"పగులు చిన్నదే కదా?" అన్నాడు బామ్మర్ది.

"ఇప్పుడు చిన్నదే సార్. మేనెలల రాండ్రి" అన్నాడు మేస్త్రి.

ఈ మాట మీద నేను చాలాసేపు ఆగాను. మేం పోయింది డిసెంబరులో. రేగడి ఉబ్బూ దిగి, ఎండు పగుళ్ళూ మొదలుగాని సమయం. బావుల్లో నీళ్ళుంటాయి, నది గట్ల మధ్య ఉంటుంది, వేప నీడ చల్లగా ఉంటుంది. ఇల్లు అమ్మదలచినవాడు కోరుకునే నెల ఇది. ఈ ప్రాంతంలో ఇల్లు కొనేవాడు ఒకసారి మే నెలలో, ఒకసారి సెప్టెంబరులో చూడాలి. రెండూ చూడకుండా అడ్వాన్సిచ్చేవాడు ఇల్లు కాదు, వాతావరణం కొంటున్నాడు.

రెండో ఇల్లు పాత ఊళ్ళో, సన్నటి గల్లీలో. బ్రోకరుకు దీనిమీద ఆసక్తి లేదు, చెల్లె పట్టుబట్టి అడిగితే చూపించాడు. నల్లరాతి గోడలు, రెండున్నర అడుగుల మందం. దర్వాజా తలవంచి దాటాలి. లోపల భవంతి, నాలుగు పక్కలా వసారా, షాబాద్ బండల నేల, మధ్యలో తులసికోట. పైన మట్టిమిద్దె: టేకు దూలాలు, వాసాలు, వాటిమీద చెక్కలు, ఆ పైన మూరెడు మందాన మట్టి. లోపల అడుగుపెట్టగానే ఎండ బయటే ఉండిపోయింది. బామ్మర్ది మాట్లాడకుండా ఒక స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. నానమ్మ ఇల్లు ఇట్లనే ఉండేదట. ఆ ఇల్లు ఇప్పుడు లేదు, ఆ జాగాలో మొబైల్ రీచార్జి దుకాణం ఉంది.

మేస్త్రి గోడ మూలలు చూస్తున్నాడు. రాళ్ళ మధ్య సున్నం లేదు, మట్టి. గోడ లోపలా బయటా రెండు వరసల రాళ్ళు, మధ్యలో కంకర, మట్టి కూరడం. ఆ రెండు వరసలనూ కలిపి పట్టే పొడవురాళ్ళు ఎక్కడా కనిపించలేదు.

ఇక్కడ కిల్లారి గుర్తురాక తప్పదు. 1993 సెప్టెంబరు 30, తెల్లవారుజాము నాలుగింటికి ముందు. గణేశ్ నిమజ్జనం చేసొచ్చి జనం ఒళ్ళు తెలియని నిద్రలో ఉన్నారు. లాతూరు జిల్లా కిల్లారి దగ్గర భూమి కదిలింది. దాదాపు పదివేల మంది పోయారు, 52 ఊళ్ళు నేలమట్టమయ్యాయి. ఆ భూకంపం ప్రపంచ లెక్కల్లో మరీ పెద్దది కాదు. చంపింది ఇళ్ళు. మట్టితో పేర్చిన రాతి గోడలు, వాటిమీద టన్నుల కొద్దీ మట్టి మిద్దెలు. ఏటా వానాకాలం ముందు కురవకుండా చౌడు మట్టి వేస్తూ పోతే, తరాల తరబడి ఆ బరువు పెరుగుతూ వచ్చింది. గోడ ఉబ్బి విచ్చుకుంది, కప్పు కిందికి వచ్చింది. దూలాలు స్తంభాల మీద నిలిచిన ఇళ్ళల్లో కొందరు బతికారు, దూలాలు గోడమీదే ఆనిన ఇళ్ళల్లో బతికినవాళ్ళు తక్కువ. అంతకుముందు దేశపు భూకంప పటంలో ఆ ప్రాంతం అన్నిటికంటే భయం లేని జోనులో ఉండేది. కమలనగర్ నుంచి కిల్లారి గాలిలో కొలిస్తే సుమారు 70 కిలోమీటర్లు. ఆ రాత్రి తర్వాత ఈ పక్క ఊళ్ళల్లో కూడా జనం నెలల తరబడి ఇంట్లో పడుకోలేదని పక్కింటి ముసలమ్మ చెప్పింది. వాకిట్లో, చేలల్లో, రేకుల కింద.

ఆ ముసలమ్మనే చెల్లె ఆయీ అని పిలిచింది. అరుగు మీద కూర్చుని మినుములు చెరుగుతోంది. మేం ముగ్గురం గోడలూ దూలాలూ చూస్తుంటే, చెల్లె ఆమె పక్కన కూర్చుని చేటలో రాళ్ళు ఏరుతూ అడగాల్సినవన్నీ అడిగేసింది. ఒకరిది మరాఠీ కలిసిన ఉర్దూ, ఇంకొకరిది తెలుగు కలిసిన ఉర్దూ.

నల్లా ఎన్నిరోజులకోసారి వస్తది? చలికాలం ఒక లెక్క, ఎండాకాలం ఇంకో లెక్క. బోరు? గల్లీలో ఒకరికి పడ్డది, పక్కవాళ్ళకు పడలేదు. కింద నల్లరాతి పొరలు కదా, నీళ్ళు రాతి పగుళ్ళల్లో ఉంటాయి, పగులు తగిలితే అదృష్టం, తగలకపోతే రెండు లక్షల దుమ్ము. బావి? ఉన్నది, హనుమంతుని గుడి దగ్గర, మార్చి దాకా. దవాఖాన? చిన్న రోగానికి ఇక్కడే, పెద్దదైతే ఉద్గీర్. ఇరవై కిలోమీటర్లు అటూ ఇటూ, రాష్ట్రం మాత్రం వేరే. బట్టలకూ ఉద్గీరే. కోర్టుకూ కలెక్టరుకూ బీదర్. 2023 జూన్ నుంచి కర్ణాటక బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు కాబట్టి పని లేకపోయినా బీదర్ పోయి గురుద్వారాలో భోంచేసి రావచ్చు. కరెంటు? పోతది, వస్తది. ఎళ్ళ అమావాస్యకు ఉంటారా? ఉంటే చేనుకు రండి. జొన్నచొప్పతో కొప్పు వేసి, అంబలి, భజ్జి, సజ్జ రొట్టె పెట్టి అందరికీ తినిపిస్తాం. ఆరోజు ఊళ్ళో కుక్క కూడా ఉండదు.

"ఈ ఇల్లు ఎందుకు అమ్ముతున్నరు ఆయీ?" అని చివర్న అడిగింది చెల్లె.

అన్నదమ్ములు నలుగురు. ఇద్దరు పుణెలో, ఒకరు హైదరాబాదులో, ఒకరు చనిపోతే ఆయన భార్య భాల్కిలో. బ్రోకరు మాకు ఇద్దరి పేర్లే చెప్పాడు.

ఆ మాటతో కాగితాల దగ్గరకొచ్చాం. ఈ విషయంలో తెలంగాణవాడికి కమలనగర్ పరాయి ఊరు కాదు. 1954–55 ఖాస్రా పహాణీ హైదరాబాదు రాష్ట్రం మొత్తానికీ ఒక్కటే. సేత్వార్, ఫసలీ సంవత్సరాలు, ఉర్దూ దస్తావేజులు అన్నీ మనకు తెలిసినవే. బామ్మర్ది తాత పట్టా మీద కూడా బీదర్ జిల్లా అనే ఉంటుంది. 1956 తర్వాత దారులు వేరయ్యాయి. మనం ధరణి, భూభారతి అంటూ తిరుగుతుంటే, వాళ్ళు 2000 ప్రాంతాల్లోనే భూమి పేరుతో పహాణీలను కంప్యూటర్లోకి ఎక్కించారు. ఊరి ఇళ్ళకు ఈ-స్వత్తు అని వేరే ఉంది. గ్రామ పంచాయతీ పరిధిలోని ఇంటికి అందులోంచి ఫారం 9, ఫారం 11 రావాలి. రెండోదాంట్లో 11ఎ, 11బి అని రెండు రకాలు. పద్ధతి ప్రకారం ఉన్న ఆస్తికి 11ఎ. లేఅవుటు అనుమతి లేకుండానో, వ్యవసాయ భూమిని మార్పిడి చేయించకుండానో కట్టినదైతే 11బి చేతికొస్తుంది. రిజిస్ట్రేషన్ అయినా కావచ్చు, బ్యాంకు లోను దగ్గర అసలు సంగతి తెలుస్తుంది. గులాబీ ఇంటికి ఏ ఫారం ఉందని అడిగితే బ్రోకరు, "ఉన్నది సార్, ఫారం ఉన్నది" అన్నాడు. ఏ అక్షరమని మళ్ళీ అడిగితే టీ తాగుదామన్నాడు.

2020లో కర్ణాటక భూసంస్కరణల చట్టాన్ని సవరించి, రైతు కానివాళ్ళు వ్యవసాయ భూమి కొనడానికి ఉన్న అడ్డంకులు తీసేశారు. హైదరాబాదు కార్లు ఈ వైపు తిరగడం ఎందుకు ఎక్కువైందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. అయితే చేను కొనడానికి అడ్డు లేదంటే చేనులో ఇల్లు కట్టడానికీ అడ్డు లేదని కాదు. మార్పిడి వేరే పని. ఖర్చు సంగతి కూడా బామ్మర్ది అనుకున్నంత తేడాగా లేదు. స్టాంపు డ్యూటీ 5 శాతం, దానిమీద సెస్సు, సర్‌చార్జి. రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం ఉండేదాన్ని 2025 ఆగస్టు 31 నుంచి 2 చేశారు. అన్నీ కలిపితే మన 7.5 శాతం దగ్గరికే వచ్చింది. ఆయన కాగితం మీద రెండుసార్లు కూడి చూసుకున్నాడు.

మర్నాడు నది చూడ్డానికి పోయాం. మంజీర ఊరిని ఒరుసుకుని పారదు, దక్షిణాన చేల అవతల ఉంటుంది. ఆటోలో పోతుంటే దారిలో దేవణి ఎడ్లు ఎదురయ్యాయి, తెలుపు మీద నల్ల మచ్చలు, వేలాడే చెవులు. ఆ జాతికి పేరిచ్చిన దేవణి పక్కనే, లాతూరు జిల్లాలో ఉంది. నది ఒడ్డు పల్లెలో ఒక రైతు తన చెరుకు చేను అంచున ప్లాట్లు చేద్దామనుకుంటున్నాడట. జాగా నిజంగా బాగుంది. ఎత్తైన గట్టు, గట్టు కింద నీళ్ళు, అవతలి ఒడ్డున కొంగలు. బామ్మర్ది అప్పుడే వరండా ఏ దిక్కుకు పెట్టాలో చూసుకుంటున్నాడు.

రైతు మోటారు గది గోడకు బూడిద రంగు గీత ఉంది. నేలనుంచి నా ఛాతీ ఎత్తు. దాని కింద గోడ ఒక రంగు, పైన ఒక రంగు. తుమ్మ కొమ్మల్లో చింకి ఎరువుల సంచీ ఒకటి ఇంకా వేలాడుతోంది. 2025 వానాకాలంలో వచ్చిన నీళ్ళవి. పైన మహారాష్ట్రలో వానలు కొట్టి, ధనేగావ్ డ్యాము గేట్లు ఎత్తితే ఇక్కడ వాన లేకుండానే వరదొస్తుంది. ఆకాశం చూసి జాగ్రత్త పడడానికి ఉండదు, ఫోను చూసుకోవాలి. సోయా, మినుము కుళ్ళిపోయాయని చెప్పాడు రైతు. దాచలేదు. ప్లాటు కొనబోయేవాడికి ఆ గీత చూపించింది కూడా ఆయనే. "అక్కడ దాక మట్టి పోస్తం సార్" అన్నాడు, గీత కంటే పైకి చెయ్యెత్తి.

ఇదే నదీ లోయలో 2016 ఏప్రిల్‌లో లాతూరు పట్టణానికి తాగునీళ్ళు రైల్లో తెచ్చారు. మీరజ్ నుంచి 342 కిలోమీటర్లు, మొదటి రైలుకు పది వ్యాగన్లు, ఐదు లక్షల లీటర్లు. ధనేగావ్ డ్యాము ఎండిపోయింది. అంటే వరద పంపే డ్యామూ, కరువులో అడుగంటే డ్యామూ ఒకటే. నది పక్కన ఇల్లు అని మనం అనుకునేటప్పుడు మనసులో ఉండే నది డిసెంబరు నాటిది. మిగతా నెలల నదితో కాపురం చేసేది అక్కడుండేవాళ్ళు. వాళ్ళెవరూ గట్టుమీద ఇల్లు కట్టుకోలేదు. పల్లె మొత్తం నదికి వీపు పెట్టి, ఎత్తు మీద, రోడ్డు వైపు మొహం పెట్టి ఉంది. పాత తరాలవాళ్ళకు నది వ్యూ మీద మోజు లేదా? ఉండే ఉంటుంది. సాయంత్రం నడిచొచ్చి చూసి పోయేవాళ్ళు.

తిరిగొచ్చాక రాత్రి లాడ్జిలో ముగ్గురం కూర్చున్నాం. గులాబీ ఇల్లు వద్దనడానికి చర్చ అక్కర్లేదు. నదిగట్టు ప్లాటు మీద బామ్మర్ది కాసేపు పోరాడాడు, మట్టి పోయించి, స్తంభాల మీద లేపి... చెల్లె ఫోనులో రైతు మోటారు గది ఫొటో తీసి ఉంచింది, అది ఆయన ముందు పెట్టింది. రాతి ఇల్లు మాత్రం మిగిలింది. దాన్ని కొనొచ్చా? నలుగురి సంతకాలు దొరికితే, ఫారం 11ఎ వస్తే, మిద్దె మీది మట్టి దించి రేకులో సన్నటి స్లాబో వేసి, దూలాల కింద స్తంభాలు నిలిపి, గోడల్లో రెండు వరసలను కలిపే కట్లు వేయిస్తే. కిల్లారి తర్వాత ఆ పక్క ఊళ్ళల్లో ఇలా బాగుచేసుకున్న ఇళ్ళు బోలెడు. మేస్త్రి లెక్క చెబుతానన్నాడు. లెక్కలో ఇంటి ఖరీదుకు సగం రిపేరుకు పోతుందని నా అంచనా. అయినా ఆ మూడింట్లో నేను కొనేదైతే అదే కొంటాను. లోపం ఎక్కడుందో అది చెబుతోంది. గులాబీ ఇల్లు పుట్టీ కింద దాచింది.

"కొనకుండ్రి. కిరాయికి ఉండి చూద్దాం" అన్నది చెల్లె.

ముందు ఎవరికీ తట్టలేదు గానీ, తేలికైన దారి అదే. మార్చి నుంచి ఉంటే ఎండాకాలం నీళ్ళ సంగతి తెలుస్తుంది, సెప్టెంబరు దాకా ఉంటే కప్పు కురుస్తుందో లేదో తెలుస్తుంది. ఈలోపు పుణె అన్నదమ్ముల మాట ఒకటవుతుందో లేదో కూడా తెలుస్తుంది. మనదేశంలో కిరాయి అగ్రిమెంటు 11 నెలలకే రాసుకోవడం అలవాటు. ఏడాది దాటే లీజును రిజిస్టరు చేయాలని 1908 నాటి చట్టం చెబుతుంది, ఆ ఖర్చు తప్పించుకోవడానికి. ఆ పదకొండు నెలల్లోనే ఇక్కడి వేసవీ వానాకాలమూ రెండూ ఇమిడిపోతాయి.

ఆ నలుగురిలో హైదరాబాదులో ఉన్నాయనకు పొద్దున్నే ఫోను చేశాం. కిరాయికివ్వడానికి అభ్యంతరం లేదన్నాడు. ఖాళీగా ఉంటే చెదలు పడుతుందని ఆయన బాధ ఆయనది. కిరాయి కూడా తక్కువే చెప్పాడు. ఒక్క షరతు. జూన్ లోపల మిద్దె మీద చౌడు మట్టి వేయించుకోవాలి, ఆ ఖర్చు కిరాయిదారుడిది. బామ్మర్ది సరే అనబోతుంటే చెల్లె ఫోను తీసుకుంది. మేస్త్రి మట్టి దించాలంటున్నాడు, మీరు ఎక్కించమంటున్నారు, ఇంకో బరువు వేసి దాని కింద మేం పడుకోవాలా అని అడిగింది. మట్టి వద్దు, టార్పాలిన్ కప్పుకుంటాం, దాని డబ్బులు కిరాయిలో పట్టుకుంటాం అన్నది. అన్నలను అడిగి చెప్తానన్నాడాయన. రైలు భాల్కి చేరేదాకా ఫోను రాలేదు. బీదర్ దగ్గర వచ్చింది. టార్పాలిన్ సరే, కానీ సగం డబ్బులే పట్టుకోవాలట.